ఊపిరి ముందొస్తుంది, ఎముక వెనకొస్తుంది: గాయం తర్వాత దీర్ఘదూర ట్రయథ్లాన్

మిత్రులారా, ఈ గదిలో కూర్చున్నవారిలో చాలామంది ఏదో ఒక గాయంతో ఉన్నవారో, గాయం నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నవారో అని నిర్వాహకులు ముందే చెప్పారు. కాబట్టి ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటిగా సాగే ట్రయథ్లాన్ గొప్పదనం గురించి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. నేరుగా విషయంలోకి వస్తాను. కొన్ని నెలలు ఆగిపోయిన మనిషికి ముందుగా తిరిగి వచ్చేది ఏది? ఊపిరి వస్తుంది. గుండె సత్తువ వస్తుంది. కండరాల బలం కూడా త్వరగానే వస్తుంది. అన్నిటికన్నా వెనక వచ్చేవి ఎముక, ఆ ఎముకకు కండరాన్ని కట్టి ఉంచే టెండాన్. ఈ రెండు రాకలకూ మధ్య ఒక ఎడం ఉంది చూశారా, ఆ ఎడంలోనే మనలో ఎక్కువమంది రెండోసారి గాయపడుతున్నారు. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ఎడం గురించే.

దూరాలు మీకు కంఠతా వచ్చినవే. అయినా గాయపడిన కాలి వైపు నుంచి ఒక్కసారి చూడండి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 42.2 కిలోమీటర్ల పరుగు. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లోని ఒవాహులో జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ దంపతులు ఐరన్‌మ్యాన్ పేరుతో ఈ పోటీని మొదలుపెట్టినప్పుడు, అక్కడ అప్పటికే విడివిడిగా ఉన్న ఒక సముద్రపు ఈత పోటీని, దీవి చుట్టూ సాగే ఒక సైకిల్ యాత్రను, ఒక మారథాన్‌ను ఒకే రోజుకు కుదించి పెట్టారు. ఆ రోజు 15 మంది బయలుదేరారు, 12 మంది పూర్తిచేశారు, గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో మొదటివాడిగా వచ్చాడు. నేను దీన్ని ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, ఈ దూరాలు మనిషి శరీరం ఎంత మోయగలదో లెక్కవేసి నిర్ణయించినవి కావు. ఉన్న మూడు పోటీలు కలిస్తే వచ్చిన దూరాలు ఇవి. ఆరోగ్యంగా ఉన్న శరీరానికే వీటిలో వెసులుబాటు తక్కువ. గాయం నుంచి లేచిన శరీరానికి ఆ వెసులుబాటును మనమే కల్పించాలి.

మారథాన్‌లో మనం దాదాపు 40,000 అడుగులు వేస్తాం. అంటే ఒక్కో కాలికి 20,000. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి కాలికి తగిలే బలం మన బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. ఆ దెబ్బలో కొంత భాగాన్ని పిక్క కండరాలు, తొడ కండరాలు తమలో కలుపుకొంటాయి. మరి 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కిన తర్వాత ఆ కండరాలు ఏ స్థితిలో ఉంటాయి? అలసిపోయి ఉంటాయి. అవి వదిలేసిన భారం ఎముక మీద పడుతుంది. అందుకే మామూలు మారథాన్ పరుగెత్తగలిగిన కాలు ట్రయథ్లాన్ చివర్లో వచ్చే మారథాన్‌కు సిద్ధంగా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

ఇప్పుడు ఎముక లోపలికి వెళదాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగిలిన నియమాలన్నీ మీరే రాసుకోగలరు. ఎముక విరిగినప్పుడు ముందు అక్కడ వాపు, రక్తపు గడ్డ. తర్వాత విరిగిన కొసలను కలుపుతూ మెత్తటి కణజాలం. తర్వాత కొన్ని వారాలకు అది గట్టి ఎముకగా మారడం. ఆ పైన నెలల తరబడి, కొన్నిసార్లు సంవత్సరాల తరబడి, ఆ ఎముక తన ఆకారాన్ని సరిదిద్దుకోవడం జరుగుతాయి. ఎక్స్‌రేలో అతుక్కున్నట్టు కనిపించిన రోజుకు ఈ చివరి దశ ఇంకా సాగుతూనే ఉంటుంది. పచ్చి గోడ నిలబడి ఉన్నంత మాత్రాన దానిమీద కప్పు వేయం కదా, అలాగే.

స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే కింద పడకుండానే పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నని పగులు, దాని విషయం ఇంకా సూక్ష్మమైనది. కొత్త భారం మోపినప్పుడు ఎముక మొదట చేసే పని బలపడటం అనుకుంటాం. నిజానికి మొదట కొన్ని కణాలు వచ్చి దెబ్బతిన్న పాత ఎముకను తొలిచి తీసేస్తాయి. దానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత వేరే కణాలు వచ్చి కొత్త ఎముకను నింపుతాయి. దానికి సుమారు మూడు నెలలు పడుతుంది. తొలచడం అయిపోయి నింపడం పూర్తికాని ఆ మధ్యకాలంలో ఎముక అంతకు ముందుకన్నా కొంచెం బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మనకు ఎలా ఉంటుంది? హాయిగా ఉంటుంది! ఊపిరి ఆడుతోంది, కాళ్లు తేలికగా ఉన్నాయి, నొప్పి లేదు, వాచీ మంచి అంకెలు చూపిస్తోంది. ఆ వారాంతానికి ఇంకో ఐదు కిలోమీటర్లు కలుపుదామనిపిస్తుంది. దయచేసి కలపకండి.

ట్రయథ్లెట్లకు ఈ ప్రమాదం మామూలు పరుగు వీరులకన్నా ఎక్కువ. ఎందుకు? కాలికి గాయమైతే పరుగు వీరుడు ఇంట్లో కూర్చుంటాడు, అతని గుండె, అతని ఎముక దాదాపు కలిసి వెనకబడతాయి. మనం అలా కూర్చోం. ఈత కొడతాం, సైకిల్ తొక్కుతాం. గుండె, ఊపిరితిత్తులు పదునుగానే ఉంటాయి. కానీ ఈతలోనూ సైకిల్ మీదా ఎముకకు నేల దెబ్బ తగలదు. ఆ దెబ్బ తగలకపోతే ఎముక అంతగా గట్టిపడదు. ఏళ్ల తరబడి సైకిలే తొక్కినవారిలో ఎముక సాంద్రత తక్కువగా ఉండటం వైద్యులు గమనించినదే. అంటే మన ఆటలోని గొప్ప సౌలభ్యమే, గాయం వచ్చినా సాధన ఆగకపోవడమే, ఊపిరికీ ఎముకకూ మధ్య ఎడాన్ని పెంచుతోంది. సైకిల్ మీద మీకు తిరిగి వచ్చిన సత్తువను చూసి పరుగు దూరం నిర్ణయించుకోవద్దు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. సైకిల్ సత్తువను చూసి పరుగు దూరం నిర్ణయించుకోవద్దు.

మరి ఎముకను ఎలా మేల్కొలపాలి? కొద్దికొద్దిగా, తరచుగా. ఎముక కణాలకు ఒక లక్షణం ఉంది: వరసగా కొన్ని పదుల దెబ్బలు తగిలాక అవి స్పందించడం తగ్గించేస్తాయి, కొన్ని గంటల విరామం తర్వాత మళ్లీ స్పందిస్తాయి. కాబట్టి ఒకేసారి నలభై నిమిషాలు పరుగెత్తేకన్నా ఉదయం ఇరవై, సాయంత్రం ఇరవై పరుగెత్తితే ఎముకకు మేలు. పరుగు ఓపిక పెంచుకోవడానికి పొడవైన పరుగు కావాలి, నిజమే. కానీ ఆ ఓపికను ముందు సైకిల్ మీద సంపాదించుకోవచ్చు, పొడవైన పరుగును కార్యక్రమం చివరి వారాలకు వాయిదా వేయవచ్చు.

నా కాలి ముందు ఎముకకు, అదే టిబియాకు, స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చినప్పుడు నా ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతి ఒకటి చెబుతాను. ఉదయం లేవగానే, పాదం నేల మీద పెట్టకముందే, మంచం అంచున కూర్చుని బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచును మోకాలి కింది నుంచి చీలమండ దాకా మెల్లగా నొక్కుకుంటూ రావాలి. పిక్క అంతటా పరచుకున్న సలుపు వేరు, అది కండరానిది. ఒక్క రూపాయి బిళ్లంత మేరలో, వేలు పడగానే ఉలిక్కిపడేలా ఉండే నొప్పి వేరు, అది ఎముకది. ఆ చోటును పెన్నుతో గుర్తుపెట్టుకుని మర్నాడు మళ్లీ అక్కడే నొక్కి చూసేవాణ్ణి. అక్కడ నొప్పి ఉన్న రోజు పరుగు లేదు. నొప్పి లేకుండా అరగంట చురుగ్గా నడవగలిగాక, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతినా ఏమీ తెలియకుండా ఉన్నాకే పరుగు మొదలైంది. ఆ పరుగు కూడా ఎలాంటిది? ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక. ఒక నిమిషం! ఊపిరి వేడెక్కేలోగా ఆగిపోవాలి. అప్పుడు నాలో కలిగిన అసహనం మీలో ప్రతి ఒక్కరికీ కలుగుతుంది. ఆ అసహనమే నేను చెప్పిన ఎడం. మీరు దానిని ఒంట్లో అనుభవిస్తున్నారన్నమాట.

పరుగు తిరిగి మొదలుపెట్టినప్పుడు అడుగు తీరును కూడా కొంచెం మార్చుకోవచ్చు. అదే వేగంలో నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే ఒక్కో అడుగు పొట్టిదవుతుంది, మోకాలి మీదా తుంటి మీదా పడే భారం తగ్గుతుంది. దీనికి ఖరీదైన బూట్లు అక్కరలేదు, టిక్ టిక్‌మని లయ చెప్పే ఒక మెట్రోనోమ్ చాలు. లోతైన నీటిలో నడుముకు బెల్టు కట్టుకుని నేల తగలకుండా పరుగెత్తడం కూడా మంచిదే, కాని అది ఊపిరి కోసం. ఎముక ఖాతాలో దానిని జమ వేయకండి.

టెండాన్ గాయాల దారి వేరు. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండాన్‌నే తీసుకోండి. దానికి రక్తప్రసరణ తక్కువ, మానడం నిదానం, పూర్తిగా విశ్రాంతి ఇస్తే మరింత బలహీనపడుతుంది. 1998లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రకటించిన పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం, 15 సార్లు చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఆ వ్యాయామంలో కొంత నొప్పి ఉంటుంది, ఉన్నా కొనసాగించమన్నారు. టెండాన్ విషయంలో ఫిజియోథెరపిస్టులు వాడే ఒక కొలత ఉంది: పదికి ఐదు దాటని నొప్పిని భరించవచ్చు, కాని అది మర్నాటి ఉదయానికి తగ్గిపోవాలి, వారం వారానికీ పెరగకూడదు. ఇదే కొలతను ఎముకకు వాడితే? చాలా ప్రమాదం. ఎముక దగ్గర మనం సహించవలసిన నొప్పి సున్నా. అందుకే మీ నొప్పి ఎముకదా, టెండాన్‌దా అన్నది తెలియకుండా ఒక్క వారం కూడా సాధన చేయవద్దని బతిమాలుతున్నాను. తొడ ఎముక మెడ భాగం, పాదంలోని నావిక్యులర్ ఎముక, టిబియా ముందు అంచు, ఈ మూడు చోట్ల స్ట్రెస్ ఫ్రాక్చర్ అయితే అది పూర్తిగా విరిగిపోయే అవకాశం ఉంది. గజ్జల్లో నొప్పితో కుంటుతున్నవారెవరైనా ఇక్కడ ఉంటే, పట్టీలు వేసుకుంటూ కాలం గడపకుండా ఎంఆర్ఐ తీయించుకోండి.

గాయం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను కూడా వదిలేయకూడదు. కింద పడి విరిగితే కారణం తెలుస్తూనే ఉంది. పడకుండానే విరిగితే? తిండి సంగతి చూడాలి. వారానికి పదిహేను గంటలు శ్రమిస్తూ దానికి తగినంత తినకపోతే శరీరం ముందు ఆపేసే పనుల్లో ఎముకను బాగుచేసుకోవడం ఒకటి. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. స్త్రీలలో నెలసరి ఆగిపోవడం దీనికి స్పష్టమైన హెచ్చరిక. సాధన ఎక్కువైతే అది మామూలేనని ఏ కోచ్ అయినా చెబితే ఆ మాట నమ్మవద్దు. పురుషులకు అంత స్పష్టమైన గుర్తు ఉండదు, అందుకే వారిలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. సన్నబడితే కొండ ఎక్కడం తేలికవుతుందని గాయం మానుతున్న రోజుల్లోనే తిండి తగ్గించేవారిని నేను ఎందరినో చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. మానుతున్న ఎముకకు కావలసింది ఆహారం, నిద్ర.

ఈత గురించి, సైకిల్ గురించి క్లుప్తంగా చెబుతాను. కాలి గాయం ఉన్నవారికి ఈత మిత్రుడు. తొడల మధ్య పుల్ బోయ్ అనే తేలే దిమ్మెను పెట్టుకుంటే కాళ్లకు పని ఉండదు. భుజం గాయం ఉన్నవారికి మాత్రం వరస తారుమారవుతుంది, వారు ఈతనే అన్నిటికన్నా చివరికి ఉంచుకోవాలి. సైకిల్ మీద నుంచి పడినవారిలో ఎక్కువగా విరిగేది కాలర్ బోన్. అది అతికిన తర్వాత కూడా హ్యాండిల్ ముందు మోచేతులు ఆనించుకునే ఏరో బార్ల మీద వాలి గంటల తరబడి ఉండటానికి మెడ, భుజాలు ఒప్పుకోవు. కాబట్టి బార్లను కొంచెం ఎత్తు చేయించుకోండి. ఎదురుగాలికి కొన్ని నిమిషాలు పోతే పోనివ్వండి. వాహనం గుద్ది పడినవారికి ఇంకొకటి మిగులుతుంది, భయం. పల్లంలో దిగేటప్పుడు వేళ్లు బ్రేకును వదలవు. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. వాహనాలు లేని చోట, చిన్న పల్లంలో, తెలిసిన మనిషి ముందు వెళుతుండగా మళ్లీ మళ్లీ దిగడమే దానికి సాధన, దానికీ కార్యక్రమంలో చోటు ఇవ్వాలి.

ఇక మీరందరూ ఎదురుచూస్తున్న గొప్పవారి కథలకు వద్దాం. 2017లో బ్రిటన్‌కు చెందిన టిమ్ డాన్ హవాయిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు కొద్ది రోజుల ముందు సాధనలో ఉండగా ఒక ట్రక్కు గుద్దింది. మెడలోని రెండో ఎముక విరిగింది. శస్త్రచికిత్స చేసి ఎముకలను కలిపేస్తే మెడ తిరగడం తగ్గుతుంది కాబట్టి ఆయన తలకు స్క్రూలతో బిగించే హేలో అనే చట్రాన్ని ఎంచుకుని మూడు నెలలు అందులో గడిపాడు. 2018 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 49 నిమిషాల్లో పూర్తిచేశాడు, అదే ఏడాది అక్టోబరులో హవాయి పోటీ పూర్తిచేశాడు. ఈ కథను అందరూ ధైర్యం కథగా చెబుతారు. ధైర్యం ఉంది, కాదనను. కానీ ఆయన ఆ మూడు నెలలూ చట్రాన్ని తీయకుండా ఉన్నాడు చూడండి, నేను మీకు చూపించాలనుకునేది అది. ఎముకకు కావలసిన కాలం ఎముకకు ఇచ్చాడు.

బ్రిటన్‌కే చెందిన క్రిస్సీ వెల్లింగ్టన్ కథ కూడా మీకు తెలుసు. 2011లో హవాయి పోటీకి రెండు వారాల ముందు సైకిల్ మీద నుంచి పడి, ఒళ్లంతా చెక్కుకుపోయి, అయినా నాలుగోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె అంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఆ కథను చెప్పుకుని విరిగిన కాలితో బయలుదేరేవారు ఒకటి గమనించాలి: ఆమెకు దెబ్బతిన్నవి చర్మం, ఛాతీ కండరాలు. బరువు మోసే ఎముక విరగలేదు.

నాకు అందరికన్నా జర్మనీకి చెందిన యాన్ ఫ్రోడెనో ఎక్కువ నేర్పాడు. 2017 హవాయిలో నడుము పట్టేసింది. గెలుపు చేజారింది. ఆయన మారథాన్‌లో చాలా భాగం నడిచి, 9 గంటల పై చిలుకుకు గమ్యం చేరాడు. 2018లో తుంటి దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలగానే, ఎంతో బలమైన స్థితిలో ఉండి కూడా, హవాయికి వెళ్లనని ప్రకటించాడు. 2019లో వెళ్లి 7 గంటల 51 నిమిషాల 13 సెకన్లలో గెలిచాడు. ఒకే మనిషి మూడేళ్లలో ఒకసారి నడిచాడు, ఒకసారి మానుకున్నాడు, ఒకసారి గెలిచాడు. మధ్య ఏడాది మానుకోకపోతే మూడో ఏడాది ఉండేదా? నాకైతే ఉండేదనిపించదు.

పోటీ రోజు దగ్గరకు వచ్చాం. ఇక్కడ మీ భయాన్ని కొంత అంకెలతో తగ్గిస్తాను. సాధారణంగా మొత్తం గడువు 17 గంటలు. ఈతకు 2 గంటల 20 నిమిషాలు, అంటే 100 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్ల వరకు పట్టినా పరవాలేదు. బయలుదేరిన 10 గంటల 30 నిమిషాలలోగా సైకిల్ ముగించాలి. సరిగ్గా ఆ గడువుకే సైకిల్ దిగితే మారథాన్‌కు ఆరున్నర గంటలు మిగులుతాయి. గంటకు ఆరున్నర కిలోమీటర్లు కావాలి, అది వట్టి నడకతో అయ్యే పని కాదు. అదే సైకిల్‌ను ఒక గంట ముందు ముగిస్తే ఏడున్నర గంటలు ఉంటాయి, గంటకు 5.6 కిలోమీటర్లు సరిపోతాయి. అది చురుకైన నడక! కాబట్టి కాలి గాయం నుంచి తిరిగి వచ్చినవారు తమ సాధనంతా దేనికి పెట్టాలి? ఆ ఒక్క గంటకు. ఊపిరి ముందే తిరిగి వచ్చింది కదా, దానిని సైకిల్ మీద ఖర్చు చేయండి. అలా దొరికిన కాలాన్ని కాలికి ఇవ్వండి. మొదటి కిలోమీటరు నుంచే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక పెట్టుకోండి. అలసిపోయాక నడిచేవాడి అడుగు అప్పటికే చెదిరిపోయి ఉంటుంది, ముందు నుంచీ నడుస్తూ వచ్చినవాడి అడుగు చివరి దాకా నిలుస్తుంది. ఆయా పోటీల గడువుల్లో తేడాలుంటాయి, మీ పోటీ నియమావళి చూసి ఈ లెక్కను మళ్లీ వేసుకోండి.

నొప్పి మాత్రల మాట. ఐబుప్రోఫెన్ జాతి మాత్రలు ఆ రోజు జేబులో పెట్టుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందుతున్న వేళ ఆ మాత్రలు దానిని ఇంకా తగ్గిస్తాయి. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ఎముక చెప్పే ఒకే ఒక్క మాటను అవి మీకు వినబడకుండా చేస్తాయి.

మరి మధ్యలో ఆగవలసి వస్తే? ఎప్పుడు ఆగాలో ముందు రోజే కాగితం మీద రాసి, మీతో వచ్చినవారి చేతికి ఇవ్వండి. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆలోచించే మనసు న్యాయంగా ఆలోచించదు. నేను రాసే మాటలు ఇవి: నొప్పి వల్ల అడుగు మారితే నడవాలి. నడుస్తున్నా పది నిమిషాల్లో అడుగు సరికాకపోతే ఆగాలి. వేలితో చూపించగలిగినంత చిన్న చోట ఎముక నొప్పి వస్తే ఇక అడుగు వేయకూడదు. ఆగినప్పుడు ఒంటరిగా పక్కకు వెళ్లిపోకుండా దగ్గరలోని అధికారికి చెప్పి, చీలమండకు కట్టిన, సమయం లెక్కించే చిప్ అప్పగించి, వైద్య శిబిరానికి వెళ్లాలి. లేకపోతే చీకట్లో మీ కోసం స్వచ్ఛంద కార్యకర్తలు వెతుకుతూ ఉంటారు.

పూర్తిచేసినవారికి కూడా ఒక పని మిగిలి ఉంటుంది. పతకం మెడలో పడ్డాక మొదటి రెండు వారాలు పరుగు లేదు. మూడో వారంలో మంచం అంచున కూర్చుని పాత గాయం చోటును మళ్లీ వేలితో నొక్కి చూడండి. పోటీలో తగిలిన దెబ్బలకు ఎముక తొలచడం మొదలుపెట్టి ఉంటుంది, నింపడం ఇంకా కాలేదు. తర్వాతి పోటీకి పేరు ఇవ్వాలన్న ఉత్సాహం కూడా సరిగ్గా ఆ వారంలోనే వస్తుంది. కనీసం మూడు నెలలు ఆగి ఇవ్వండి. ఇప్పుడు ఎవరికి ఎక్కడ గాయమైందో, ఎన్నాళ్లైందో చెబుతూ ప్రశ్నలు అడగండి, ఒక్కొక్కరి సంగతీ విడిగా మాట్లాడుకుందాం.